మూడేళ్లు వాడాక స్టిర్ ప్లేట్ గురించి నా మాట

డాలస్‌లో మా గరాజ్‌లో బీరు కాయడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. కొన్న సామాన్లలో నాకు నిజంగా ప్రాణమైంది ఈ స్టిర్ ప్లేటే, అంటే పైన పెట్టిన ఫ్లాస్క్‌లోని అయస్కాంతపు కడ్డీని కింది మోటారుతో తిప్పుతూ లోపలి ద్రవాన్ని కలిపే పెట్టె. పెరుగుకి తోడు ఎంతో బీరుకి ఈస్ట్ స్టార్టర్ అంత, అంటే బీరుని పులియబెట్టే ఈస్ట్‌ని ముందుగా కొద్ది ద్రవంలో పెంచుకోవడం. తోడు చచ్చుదైతే పాలు ఎంత చిక్కనివైనా ఏం లాభం? ఇక్కడి ఎండల్లో పోస్టులో వచ్చే లిక్విడ్ ఈస్ట్ ప్యాకెట్ ఒక్కోసారి ఐస్ అంతా కరిగిపోయి గోరువెచ్చగా చేతికొస్తుంది, అందులో సగం చచ్చిపోయే ఉంటుంది. లీటరు నీళ్లలో 100 గ్రాముల మాల్ట్ పొడి (మొలకెత్తించిన బార్లీ సారం) మరిగించి, బాగా చల్లార్చి, అందులో ఆ ఈస్ట్ పోసి ప్లేట్ మీద తిప్పితే మర్నాటికి మజ్జిగలా తెల్లగా అయిపోతుంది. ఇదివరకు ప్యాకెట్ నేరుగా బీరులో పోసేసి రెండ్రోజులు టెన్షన్‌తో ఎయిర్‌లాక్ (పులిసేటప్పుడు వచ్చే గ్యాస్‌ని బుడగలుగా బయటికి వదిలే మూత) వైపే చూసేవాణ్ణి, ఇప్పుడు రాత్రి పోస్తే పొద్దున్నకి బుడగలు.

కానీ ఆ లోపల తిరిగే అయస్కాంతపు కడ్డీ ఉంది చూడండి, దానిమీద నాకు ఇంకా కోపం పోలేదు. పోయినేడు లేబర్ డే సెలవుకి లాగర్ (చల్లగా పులియబెట్టే, ఈస్ట్ ఎక్కువ కావలసిన బీరు) కాద్దామని శుక్రవారం సాయంత్రం రెండు లీటర్ల స్టార్టర్ పెట్టి, బాగా తిరగాలని స్పీడు పెంచి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే కడ్డీ జారి ఓ మూలకి పోయింది, కింద మోటారు ఒట్టిగా తిరుగుతోంది, ఈస్ట్ అంతా అడుగున పేరుకుంది. ఫ్లాస్క్ అడుగు మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉండటమే కారణమని తర్వాత తడిమి చూస్తే తెలిసింది. మళ్లీ పెడితే మళ్లీ జారింది. విసుగొచ్చి ప్లేట్ ఆపేసి, ఆ శనివారమంతా అటువెళ్లినప్పుడల్లా ఫ్లాస్క్‌ని చేత్తో గుండ్రంగా తిప్పుతూ ఉన్నాను. ఆదివారం ఫ్రిజ్‌లో పెట్టి, సోమవారం పైన తేరిన నీళ్లు వంచేసి, మిగిలింది పోశాను. మర్నాటికల్లా మొదలైంది, బీరూ బాగానే వచ్చింది.

స్టిర్ ప్లేట్ లేకపోతే స్టార్టరే దండగని కొన్న కొత్తలో స్నేహితులకి చెప్పినవాణ్ణి, ఆ మాట ఇప్పుడు అనలేను. ఇప్పుడు అడుగు చదునుగా ఉన్న ఫ్లాస్క్ వాడుతున్నాను, నెమ్మదిగా మొదలుపెట్టి పైన చిన్న సుడి కనబడగానే స్పీడు పెంచడం ఆపుతాను, కడ్డీ మళ్లీ జారలేదు. పోసేటప్పుడు మాత్రం బయటినుంచి ఇంకో అయస్కాంతం ఆనించి పట్టుకోండి, లేకపోతే కడ్డీ కూడా బీరులోకి పోతుంది.

పొడి ఈస్ట్ వాడేవాళ్లకి అసలు స్టార్టరే అక్కర్లేదు. నాకు ఈ ఊరి ఎండ, లాగర్ పిచ్చి, లిక్విడ్‌గానే అమ్మే ఆ ఈస్ట్ మీద ఇష్టం, మూడూ ఉన్నాయి కాబట్టి కొన్నందుకు బాధ లేదు.