మూడు చేతులు మారిన మా ఇంటి లోన్

మా ఇల్లు డాలస్‌కి ఉత్తరాన, కాలిన్ కౌంటీలో ఉంది. 2016లో ముప్పై ఏళ్ల ఫిక్స్‌డ్ లోన్ మీద కొన్నాం. రేట్లు, ఫీజులు పోల్చుకుని లెండర్‌ని ఎంచుకున్నాం. రెండు నెలలు తిరక్కుండానే మా లోన్ ఇంకో కంపెనీకి వెళ్లిందని ఉత్తరం వచ్చింది.

గుంటూరులో ఉన్న నాన్నగారికి చెబితే ఒకటే కంగారు. "అప్పిచ్చింది ఒకరు, కట్టేది ఇంకొకరికా? కాగితాలు ఎవరి దగ్గరున్నాయిరా?" అన్నారు. ఆయన లోన్ తీరేదాకా దస్తావేజులు బ్యాంకులోనే ఉండేవి. ఇక్కడ డీడ్, అంటే ఇంటి దస్తావేజు, మా పేరు మీదే కౌంటీలో రికార్డయి ఉంటుందని చెప్పాక గానీ ఆయన మనసు కుదుటపడలేదు.

నిజానికి మారింది సర్వీసర్. సర్వీసర్ పని నెలనెలా డబ్బు వసూలు చేయడం, ఎస్క్రోలోంచి (పన్ను, ఇన్సూరెన్స్ కోసం మన డబ్బు పక్కన పెట్టే ఖాతా) ఇంటి పన్ను, ఇన్సూరెన్స్ కట్టడం. అసలు అప్పు చాలాసార్లు ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ లాంటి సంస్థల చేతిలో ఉంటుంది. మాది ఫ్యానీ మేదని వాళ్ల వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి తెలుసుకున్నాను. మనం కట్టే వడ్డీలోంచి సర్వీసర్‌కి చిన్న వాటా వెళ్తుంది, ఆ వసూలు హక్కునే కంపెనీలు అమ్ముకుంటాయి. మన అనుమతి అడగరు. ఎవరు కొన్నా వడ్డీ రేటు, గడువు, బాకీ మారవు.

మొదటి మార్పులో మా బ్యాంకు బిల్ పే నుంచి డబ్బు పాత కంపెనీకే వెళ్లిపోయింది. లేట్ ఫీజు పడుతుందని టెన్షన్ పడ్డాను, పడలేదు. మారిన తేదీ నుంచి 60 రోజుల వరకు, గడువులోగా పాత సర్వీసర్‌కి చేరిన డబ్బును ఆలస్యంగా లెక్కించకూడదని ఫెడరల్ చట్టం. పాతవాళ్లు కనీసం 15 రోజుల ముందు ఉత్తరం రాయాలి, కొత్తవాళ్లు మారాక 15 రోజుల్లోగా రాయాలి. రెండూ కలిపి ఒకే ఉత్తరం కూడా పంపవచ్చు. కొత్త పేరుతో వచ్చిన ఉత్తరం చూసి వెంటనే డబ్బు పంపకండి. పాత సర్వీసర్‌కి మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి నిజమేనా అని అడగండి.

2019లో రెండోసారి మారినప్పుడు ఇన్సూరెన్స్ రెన్యువల్ బిల్లు పాతవాళ్లకి పోయింది. మీకు ఇన్సూరెన్స్ లేదు, మేమే కొని ఆ ఖర్చు మీ ఖాతాలో వేస్తామని కొత్తవాళ్లు రాశారు. అలాంటి పాలసీకి రేటు బాగా ఎక్కువ. మొదటి ఉత్తరం తర్వాత 45 రోజులు ఆగాలి కాబట్టి, ఏజెంట్‌తో పాలసీలో మార్ట్‌గేజీ (అప్పిచ్చినవాళ్ల తరఫు కంపెనీ) పేరు మార్పించి పంపేసరికి సరిపోయింది.

అసలు దెబ్బ 2022 డిసెంబర్ 1న పడింది. టెక్సాస్‌లో ఇంటి పన్నుకి జనవరి 31 గడువు, సరిగ్గా ఆ కాలంలోనే లోన్ మూడోసారి మారింది. జనవరి చివరి వారంలో కౌంటీ వెబ్‌సైట్‌లో చూస్తే బాకీ అలాగే ఉంది. పాతవాళ్లు ఎస్క్రో డబ్బు పంపేశామన్నారు, కొత్తవాళ్లు ప్రాసెస్‌లో ఉందన్నారు. ఫిబ్రవరి 1న పెనాల్టీ, వడ్డీ కలిపి 7 శాతం పడింది. వేల డాలర్ల పన్ను మీద 7 శాతం! ఆ రాత్రి మా ఆవిడా నేనూ నిద్రపోలేదు.

ఫోన్లు మానేసి, జరిగిన తప్పు గురించి కొత్త సర్వీసర్‌కి కాగితం మీద రాశాను. దాన్ని నోటీస్ ఆఫ్ ఎర్రర్ అంటారు. డబ్బు కట్టే అడ్రస్‌కి కాదు, స్టేట్‌మెంట్‌లో తప్పుల కోసం విడిగా ఇచ్చిన అడ్రస్‌కి పంపాలి. ఉత్తరం అందిందని సర్వీసర్ 5 పనిదినాల్లో చెప్పాలి, మామూలుగా 30 పనిదినాల్లోగా జవాబు ఇవ్వాలి. కౌంటీ పేజీ, పాత ఎస్క్రో స్టేట్‌మెంట్ జత చేశాను. ఆరో వారంలో జవాబొచ్చింది. పన్ను కట్టారు, పెనాల్టీ వాళ్లే భరించారు. నా ఫోన్ కాల్స్ ఏవీ చేయలేని పని ఆ ఒక్క ఉత్తరం చేసింది.

అదే సర్వీసర్‌తో ఇప్పటికీ ఉన్నాం. ఆ తర్వాత పన్ను ప్రతి ఏడాదీ గడువులోపే కట్టారు, యాప్ కూడా బాగుంది. అయినా పాత స్టేట్‌మెంట్లన్నీ దించుకుని పెట్టుకున్నాను, లోన్ మారాక పాత లాగిన్ పనిచేయకపోవచ్చు. మారిన ఏడాది, మనం కట్టిన వడ్డీ చూపే 1098 ఫారాలు రెండు వస్తాయి, ట్యాక్స్ ఫైలింగ్‌లో రెండో దాని వడ్డీ కలపడం మర్చిపోకండి. డిసెంబర్ రాగానే కౌంటీ వెబ్‌సైట్ నేనే చూసుకుంటాను.