కోవిడ్ తగ్గినా వదలని ఉబ్బరం, మతిమరుపు: ఏది మేలు?

2021 మేలో మా అమ్మకు కోవిడ్ వచ్చింది. రెండు వారాలకు నెగెటివ్ వచ్చింది కానీ ఆగస్టు దాకా నాలుగు ముద్దలు తినగానే పొట్ట బిగుసుకుపోయేది, పొద్దున్నే మూడు నాలుగుసార్లు బాత్రూమ్‌కి పరుగు. దానికి తోడు మతిమరుపు. ఒకరోజు పోపు డబ్బా మూత తీసి అలాగే నిలబడిపోయింది. "అవేంటే... నల్లగా, చిటపటలాడతాయే" అని ఆవాల పేరు కోసం తడుముకుంది. నలభై ఏళ్లుగా పోపు పెడుతున్న మనిషి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ముందు మేం చేసింది అందరూ చేసేదే: పరగడుపున గ్యాస్ టాబ్లెట్. అందులోని పాంటోప్రజోల్ అనే మందు కడుపులో యాసిడ్‌ని తగ్గిస్తుంది. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లకు అది మంచి మందే. అమ్మకు మంట లేదు, ఉన్నదల్లా ఉబ్బరం. అయినా నెలల తరబడి వేశాం. తిండిలోని విటమిన్ బి12ను విడదీసి ఒంటికి పట్టించాలంటే ఆ యాసిడ్ కావాలి. అది ఎక్కువకాలం తగ్గి ఉంటే బి12 పడిపోవచ్చు. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్‌తోనూ ఇదే ఇబ్బంది. అప్పట్లో అమ్మ ఆ రెండూ వేసుకునేది, పైగా శాకాహారి. బి12 తగ్గితే మతిమరుపు వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. రక్తపరీక్షలో థైరాయిడ్ బాగానే ఉంది, బి12 బాగా తక్కువ. డాక్టర్ ఇంజెక్షన్లు రాసి, గ్యాస్ టాబ్లెట్ మెల్లగా మాన్పించారు. డాక్టర్‌ని అడగకుండా మీరు దాన్ని మానేయకండి, కొందరికి అది తప్పనిసరి.

కాబట్టి జ్ఞాపకశక్తి టానిక్కా, రక్తపరీక్షా అంటే నేను పరీక్షే అంటాను. అన్నీ కోవిడ్ ఖాతాలో వేసేస్తే మందుతో సరయ్యే లోపం కూడా దొరకకుండా పోతుంది.

పొట్టకి ప్రోబయోటిక్ క్యాప్సూలా, పెరుగా? ఆ క్యాప్సూల్స్‌లో పేగులకు మేలు చేస్తాయనే రకరకాల బ్యాక్టీరియా ఉంటాయి, ఒకరికి పడింది ఇంకొకరికి పడదు. అమ్మకు మధ్యాహ్నం పలుచటి మజ్జిగ, మెత్తగా వండిన అన్నం పడ్డాయి. పాలు పడలేదు. పేగులు దెబ్బతిన్నాక పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొన్నాళ్లు అరగకపోవచ్చు. తోడుకున్న పెరుగులో అది కొంత తగ్గుతుంది. రాత్రి పప్పు, పచ్చి ఉల్లిపాయ ఆపాక ఉబ్బరం సగానికి సగం తగ్గింది.

నడక విషయంలో నాదే తప్పు. "ఓపిక అదే వస్తుంది, లే అమ్మా" అని రోజూ అరగంట నడిపించాను. ఆ రోజు బాగానే ఉండేది, మర్నాడో ఆ పైరోజో మంచం పట్టేది, మాటలు మరీ తడబడేవి. శ్రమ తర్వాత ఇలా దిగజారేవాళ్లను బలవంతంగా నడిపించకూడదు. పది నిమిషాలకు తగ్గించి, వంటకీ స్నానానికీ మధ్య కాసేపు పడుకోబెట్టాక కుదుటపడింది.

గుర్తుకి మాత్రం గోడమీద క్యాలెండర్, దారంతో కట్టిన పెన్సిల్. మాత్ర వేసుకోగానే తేదీ మీద గీత. ఇప్పటికీ గీస్తోంది.

మలంలో రక్తం, నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే మజ్జిగతో సరిపెట్టకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి. ఉన్నట్టుండి మాట ముద్దయినా, దారి తెలియక తికమకపడినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.