‘ఇంటి వాతావరణం’ బ్రోషర్ చూసి అడ్వాన్స్ కట్టేయకండి

పేరు రాయను. ఆ వృద్ధుల హోమ్ బ్రోషర్ ఇప్పటికే మీ అందరి ఫోన్లలో తిరుగుతోంది. మా అమ్మని చేర్చింది అందులోనే. నెలకి 38 వేలు, 3 నెలల అడ్వాన్స్, అమ్మకి రోజూ ఒకే అటెండెంట్ అన్నారు. మొదటి రెండూ అక్షరాలా నిజం.

నిన్న సాయంత్రం చూస్తే అమ్మ ఫైల్లో ‘పిలిస్తే పలకదు, సహకరించదు’ అని రాసుంది. ఎలా పలుకుతుంది? వినికిడి మిషన్ సొరుగులో ఉంది. బ్యాటరీ అయిపోయింది, చెవిలో పెట్టే మోల్డ్ రంధ్రంలో గులిమి గట్టిపడింది. 13 నంబరు బ్యాటరీ, నారింజ స్టిక్కర్‌ది, వారం పది రోజులకోసారి మార్చాలి, స్టిక్కర్ పీకాక ఒక నిమిషం గాలి తగలనివ్వాలి, రాత్రి బ్యాటరీ మూత తెరిచి ఉంచాలి అని రాసి బీరువాకి అంటించాను. కాగితం అలాగే ఉంది. ఇచ్చిన 6 బ్యాటరీల అట్ట కూడా, సీలు విప్పకుండా.

మా అమ్మ పేరేంటని ఆయాని అడిగితే, ‘ఏజెన్సీ నుంచి ఈ వారమే వచ్చాను సార్, 14వ బెడ్డు కదా’ అంది. ఆ పిల్లనేం అంటాం? 12 గంటల డ్యూటీ, 11 మంది పెద్దవాళ్ళు. చేరిక ఫారం 6 పేజీలుంది, బీపీ, షుగరు, బ్యాంకు ఖాతా అన్నీ అడిగారు. ఏమని పిలవాలి అన్న గడి మాత్రం లేదు.

మేనేజరు నవ్వుతూ, ‘మిషన్ పెడితే ఊరికే పిలుస్తుంటారండీ, ఇప్పుడు ప్రశాంతంగా ఉంటున్నారు’ అన్నాడు. ప్రశాంతంగానట!

బ్రోషర్ మీద బంగారు అక్షరాలతో ‘రిలేషన్‌షిప్ సెంటర్డ్ కేర్’, అంటే అనుబంధాలే కేంద్రంగా చూసుకోవడమట. దాని గురించి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీలో మైక్ నోలన్ పరిశోధక బృందం చెప్పిన 6 భావాలు నాకు తెలియనివి కావు: భద్రత, మనవాళ్ళన్న ఆపేక్ష, గతంతో తెగని బంధం, ఓ లక్ష్యం, సాధించానన్న తృప్తి, నాకూ విలువుందన్న నమ్మకం. ఇవి పెద్దవాళ్ళతోపాటు చూసుకునేవాళ్ళకీ, ఇంటివాళ్ళకీ ఉండాలన్నదే అందులో అసలు సంగతి. వారానికో చోటికి తిప్పే ఆయాకే లేనివి అమ్మకెక్కణ్ణుంచి తెచ్చిస్తుంది? ఇంత తెలిసీ చెక్కు రాశాను, అదీ నా తెలివి.

మీరైతే చెప్పకుండా భోజనం వేళకి వెళ్ళండి. పక్కన కూర్చుని తినిపిస్తున్నారా, నిలబడి ఇద్దరి నోట్లో కుక్కుతున్నారా చూడండి. 3 నెలల డ్యూటీ రిజిస్టర్ అడగండి, అవే పేర్లు మళ్ళీ మళ్ళీ కనబడాలి. రాత్రిళ్ళు ఎందరుంటారో కూడా. అడ్వాన్స్ వాపసు షరతు కాగితం మీద రాయించుకోండి. పెద్దల హెల్ప్‌లైన్ 14567, వినియోగదారులది 1915.

నా అడ్వాన్స్ అడిగితే ‘వచ్చే నెల చూద్దాం’ అన్నారు.