తల్లి గొర్రెల మందా, పొట్టేలు పిల్లల బ్యాచా: ఏది మేలు?

ఉగాది నుంచి ఇప్పటిదాకా ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు పది మందికి తక్కువ ఉండరు. ఉద్యోగం మానేసి ఊరికి వచ్చినవాళ్ళు, మానేద్దామా అని ఊగిసలాడుతున్నవాళ్ళు, టమోటాలో వరసగా రెండుసార్లు దెబ్బతిని ఇంక జీవాలే దిక్కు అనుకున్నవాళ్ళు. అందరిదీ ఒకటే మాట: "అన్నా, తల్లి గొర్రెలు పెట్టేదా, పొట్టేలు పిల్లలు తెచ్చి మేపి అమ్మేదా?" షెడ్డు ఎత్తు ఎంత, నట్టల (కడుపులో పురుగుల) మందు ఎన్ని నెలలకోసారి లాంటివి ఇక్కడ రాయను, అవి తెలుసుకోకుండా ఎవరూ ఈ ప్రశ్న దాకా రారు. మాది అనంతపురం పక్క పల్లె. నేను ముందు పొట్టేలు పిల్లలతో మొదలుపెట్టి తర్వాత తల్లి గొర్రెలకు మారినవాణ్ణి, కాబట్టి నా మొగ్గు ఎటో మీకు కాసేపట్లో తెలిసిపోతుంది. అయినా లెక్క మాత్రం రెండు వైపులా ఉన్నదున్నట్టు చెప్తాను.

ముందు పొట్టేలు పిల్లలు. మూడు నెలల పిల్ల, 13 నుంచి 14 కిలోలు ఉండేది, నేను చివరగా కొన్నప్పుడు 7,000 పడింది. నాలుగు నెలలు మేపితే రోజుకు 110 గ్రాముల చొప్పున పెరిగి 27 కిలోలకు వస్తుంది. కిలో 420 చొప్పున అమ్మితే 11,300 చిల్లర. దాణా, వేరుశనగ కట్టె, పచ్చిగడ్డి అన్నీ కలిపి రోజుకు పన్నెండు రూపాయలు వేసుకోండి, నాలుగు నెలలకు 1,440. మందులు, టీకాలు, ఆటో బాడుగ ఇంకో 200. అంటే 40 పిల్లలకు 2,80,000 కొనుగోలు, 65,000 పైన ఖర్చు. రెండు చచ్చిపోయి 38 అమ్ముడుపోయాయి అనుకున్నా 80,000 పైన మిగులుతుంది. ఏడాదికి రెండు బ్యాచ్‌లు సులువుగా, మనిషి చురుకైనవాడైతే మూడు. కాగితం మీద దీన్ని కొట్టేది లేదు. యూట్యూబ్‌లో చూపించేదీ ఈ లెక్కే, అందులో అబద్ధమేమీ లేదు.

ఇప్పుడు అదే కాగితం మీద ఒక్క అంకె మార్చండి. 7,000కు బదులు పిల్ల 8,000 పడిందనుకోండి. 40 వేలు పోయాయి, మిగులు సగమైంది. మేపులో ఏమీ తేడా లేదు, అమ్మకంలో తేడా లేదు, మీరు నాలుగు నెలలు పడిన కష్టంలో అసలే తేడా లేదు. పొద్దున ఆరు గంటలకు సంతలో చేసిన ఒక్క బేరం మీ నాలుగు నెలల జీతాన్ని సగం చేసింది. అందుకే ఎవరడిగినా నేను తిరిగి ఒకటే అడుగుతాను: ఏడాదికి ఎన్నిసార్లు కొంటావు? నా లెక్కలో ఈ రెంటిలో ఏది మేలో తేల్చేది అదొక్కటే. షెడ్డు, గడ్డి, దాణా అన్నీ దాని తర్వాతే.

సంతలో కొనడం అంటే ఏంటో చెప్తాను. అనంతపురం మార్కెట్ యార్డుకు తెల్లవారకముందే పోయాం, నేనూ మా బావమరిదీ. లైట్ల వెలుతురులో అన్ని పిల్లలూ నున్నగా, కడుపు నిండుగా కనిపిస్తాయి. కనిపించక ఏం చేస్తాయి, రాత్రి ఉప్పు పెట్టి కడుపారా నీళ్ళు తాపితే ఎంత బక్క పిల్లైనా గుండ్రంగానే ఉంటుంది. నోరు తెరిచి పళ్ళు చూద్దామంటే, ఏడాది దాటి రెండు పళ్ళు వేసేదాకా అన్నీ పాలపళ్ళే, మూడు నెలల పిల్లకూ ఏడు నెలల పిల్లకూ నోట్లో తేడా మనలాంటివాళ్ళకు తెలియదు. తినక, నట్టలు పట్టి గిడసబారిన ఏడు నెలల దాన్ని మూడు నెలల పిల్ల అని అంటగడతారు. నాలుగు నెలలు మేపండి, అది ఐదు కిలోలు కూడా పెరగదు. దాన్ని పట్టుకోవాలంటే ఒళ్ళు కాదు, తల చూడాలి. ఒంటికి మించిన తల, పొడుగు మూతి, కొమ్ము మొదలు లావుగా ఉంటే అది వయసు దాటిన పిల్ల. ఇది నాకు మూడో బ్యాచ్‌లో గానీ తెలియలేదు. పక్కన ఇద్దరు తువ్వాలు కింద చేతులు పెట్టుకుని వేళ్ళు పట్టి బేరం చేసుకుంటుంటే మేం నోటితో ధర అడుగుతూ తిరిగాం, అదొక్కటి చాలు వీళ్ళు కొత్తవాళ్ళని అందరికీ తెలియడానికి. సంతకు ప్రతి వారం వచ్చేవాడి ముందు ఏడాదికి మూడుసార్లు వెళ్ళేవాడు ఎప్పుడూ కొత్తవాడే.

ధర ఒక్కటే అయితే తట్టుకోవచ్చు. పది మందల పిల్లలు ఒకే చోట మూతులు రాసుకుని నిలబడే చోటు అది. మేము తెచ్చిన 40లో ఐదో రోజు రెండింటికి ముక్కు కారింది. జలుబు అనుకున్నాం. మరుసటి రోజుకు కళ్ళలో పుసి, పెదాల మీద పొక్కులు, మేత ముట్టవు, ఆ తర్వాత నీళ్ళ పారుడు, రొప్పం (జీవాల దొడ్డి) దగ్గర నిలబడలేనంత వాసన. పీపీఆర్, మనవాళ్ళు పారుడు రోగం అంటారు చూడండి, అదే. తెచ్చిన మర్నాడే టీకా వేయించాం కదా అని నేను వాదిస్తుంటే డాక్టరుగారు ఒకటే అన్నారు, రోగం ఒంట్లో పెట్టుకుని వచ్చినదానికి టీకా ఏం చేస్తుందని. రెండు వారాల్లో తొమ్మిది పోయాయి. బతికినవి బతికాయన్న పేరే గానీ ఒళ్ళు చేయలేదు, ఆరు నెలలకు విసుగొచ్చి కొన్న ధరకు కాస్త అటూ ఇటూగా వదిలించుకున్నాం. ఆ టీకా ఒకసారి సరిగ్గా పడితే మూడేళ్ళు కాస్తుంది. కానీ మనం కొనే పిల్లకు అది పడిందో లేదో చెప్పేవాడు సంతలో ఉండడు, చెప్పినా నమ్మే దారి లేదు.

దీనికి తోడు మేపడంలో ఆశ. త్వరగా బరువు రావాలని మొక్కజొన్న ఒక్కసారిగా పెంచితే చిటుక రోగం వస్తుంది, అదీ మందలో బాగా తినే పిల్లకే ముందు వస్తుంది. సాయంత్రం గంతులేసింది పొద్దునకు కాళ్ళు చాపి పడి ఉంటుంది. గింజ దాణా ఎక్కువైతే మగపిల్లలకు మూత్రంలో రాళ్ళు కూడా కడతాయి. ఇవి జాగ్రత్త పడితే తప్పేవే, కాబట్టి వీటిని నేను పెద్ద తప్పుగా లెక్కేయను.

ఇక తల్లి గొర్రెలు. 20 గొర్రెలు, ఒక విత్తనపు పొట్టేలు. గొర్రె 11,000 చొప్పున, పొట్టేలు 18,000, మొత్తం 2,38,000. పెట్టుబడి ఇంచుమించు అంతే, కానీ చేతికి డబ్బు వచ్చే తీరు వేరు. చూడి ఐదు నెలలు, ఆ తర్వాత పిల్ల అమ్మకానికి రావడానికి కనీసం నాలుగు నెలలు. మొదటి ఏడాది మీరు పెట్టడమే తప్ప రాబట్టేది ఉండదు. "రెండేళ్ళకు మూడు ఈతలు" అని అందరూ చెప్తారు. నా మందలో అది కొన్ని గొర్రెలకే కుదిరింది, అన్నిటికీ కాదు. 20 గొర్రెల మీద ఏడాదికి 22 పిల్లలు పుట్టి 18 నిలబడితే బాగా చేసినట్టే. అందులో తొమ్మిది మగవి, మేపి 11,000కు అమ్మితే 99,000, మేత ఖర్చు ఓ 15,000 తీసేయండి. తొమ్మిది ఆడవి మందలో కలుస్తాయి, ముసలివాటిని ఏరేసి అమ్ముతాం. పక్క రైతులు ఎరువు కోసం రాత్రికింత అని ఇచ్చి పొలంలో మంద పెట్టించుకుంటారు, మా వైపు వేసవిలో అదీ నాలుగు రూపాయలే.

అంటే ఆడపిల్లల విలువ కట్టి కలిపినా, రెండు బ్యాచ్‌ల పొట్టేలు పిల్లల మీద వచ్చేదానికంటే ఇది తక్కువే. ఒప్పుకుంటాను. పైగా కాపరిని జీతానికి పెట్టుకుంటే 20 గొర్రెలు అతని జీతం కూడా మోయలేవు, ఇంటి మనిషి తోలాలి, లేదంటే మంద అరవై దాటాలి. మరి ఎందుకు మారావంటే, నేను ఒక్కసారే కొన్నాను. అదీ సంతలో కాదు, పక్క ఊరి కురుబ పెద్దాయన మందలో నుంచి, మేత మేస్తుండగా చూసి, రెండు పళ్ళవీ నాలుగు పళ్ళవీ ఏరుకుని, ఒకసారి ఈని పిల్లను సాకినవే కొన్నాను. వాటికి ఏ టీకా ఎప్పుడు పడిందో ఆయనకు నోటికొచ్చు. ఆ తర్వాత బయటి నుంచి వచ్చేది రెండేళ్ళకొక పొట్టేలు మాత్రమే, అదీ మూడు వారాలు విడిగా కట్టేశాకే మందలోకి. నా పొట్టేలు పిల్ల ఇప్పుడు నా రొప్పంలోనే పుడుతుంది. దాని వయసు, దాని తల్లి పాలు, దాని టీకా అన్నీ నాకు తెలుసు. 7,000 పెట్టి సంతలో ఊహించి కొనేదాన్ని నేను నా ఇంట్లో కళ్ళారా చూస్తున్నాను.

తల్లి గొర్రెల్లో అసలు పరీక్ష ఈతల కాలంలో రాత్రిపూట. మొదటి చలికాలం, రెండు గంటలప్పుడు ఒక తొలిచూలు గొర్రె ఈని పిల్లను తలతో నెట్టేస్తోంది. పిల్ల తడిగా వణుకుతోంది. ఏం చేయాలో తోచక ఆ పెద్దాయనకే ఫోన్ చేశాను. ఆయన తిట్టకుండా ఎత్తాడు, అదే గొప్ప. "ఏమప్పా, పిల్లను తుడిచేస్తివా? తుడవద్దు. ఆ జిగురే తీసి గొర్రె మూతికి పూయి. రొండు కాళ్ళూ పట్టుకోని ముర్రుపాలు తాపు, గంటలోపల కడుపులో పడల్ల" అన్నాడు. నేనప్పటికే సగం తుడిచేశాను. మిగిలిన జిగురే తల్లి మూతికి రాసి, దాన్ని గోడకు ఆనించి మోకాలితో అదిమి పట్టి పిల్లకు చన్ను అందించాను. మూడో రోజుకు గానీ ఆ గొర్రె పిల్లను దగ్గరికి రానివ్వలేదు. ఆ ఏడాది పోయిన నాలుగు పిల్లలూ మొదటి వారంలోనే పోయాయి, అన్నీ నేను పక్కన లేని రాత్రుల్లోనే. కాబట్టి వారం మధ్యలో బెంగళూరులో ఉండి శనాదివారాలు వచ్చి చూసుకుంటానంటే తల్లి గొర్రెలు మీకు పనికిరావు. పొట్టేలు పిల్లలైనా నయం, అవి రాత్రి మిమ్మల్ని లేపవు.

పొట్టేలు పిల్లలు నిజంగా లాభించేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళను చూశాను. ఇంట్లోనే వేరుశనగ కట్టె, కంది పొట్టు మిగిలేవాళ్ళు, వాటిని చవకగా అమ్ముకునే బదులు పిల్లల చేత తినిపించి అమ్ముకుంటారు. లేదా పల్లెల్లో తెలిసిన మందల దగ్గరికే పోయి ఇరవై ముప్పై పిల్లలు తెచ్చుకోగలిగినవాళ్ళు. వీళ్ళకు సంత గొడవే లేదు, అంటే నేను చెప్పిన ఇబ్బందిలో పెద్ద భాగం వీళ్ళకు తగలదు. వాళ్ళతో నేను వాదించను.

బక్రీద్ కోసం పెంచడం గురించి అడుగుతారు. పండగ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, 2024లో జూన్ 17, 2025లో జూన్ 7. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కేసి పెంచాలి. కొమ్ము విరిగినా కుంటినా పండగ ధర రాదు, పండగ మర్నాడు ఆ ధర ఉండదు. నాలుగైదు మంచి పొట్టేళ్ళను అట్టిపెట్టుకోవడం వేరు, బ్యాచ్ మొత్తం దాని మీద పెట్టడం జూదం.

జాతి ఏదని అడిగితే నా జవాబు పొట్టి. మీ చుట్టూ పది మైళ్ళలో ఏది బాగా బతుకుతోందో అదే. పొడుగు, చూడముచ్చట కావాలంటే నెల్లూరు జోడిపి. దక్కనీ నల్లది, గట్టిది. మహారాష్ట్ర ఫల్టణ్‌లో తయారైన నారి సువర్ణ కవలలు ఎక్కువ ఈనుతుంది, నిజమే, కానీ రెండు పిల్లలకు సరిపడా మేపగలిగితేనే. మందను సగం వాటా మీద మేపమని ఎవరికైనా ఇచ్చేద్దామంటే మనిషి మంచివాడైతే పరవాలేదు, ఇంకేం చెప్పను. కేంద్రం వాళ్ళ నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ సబ్సిడీ పెంపకం యూనిట్లకు, 100 గొర్రెలు 5 పొట్టేళ్ళు నుంచి మొదలు. 20 గొర్రెల వాళ్ళు దాని చుట్టూ తిరిగి టైమ్ పోగొట్టుకోకండి.

అమ్మకం మాత్రం ఏది పెంచినా కాటా మీదే. చూపు మీద అమ్మితే నడుం మీద చెయ్యి వేసి "ఇరవై మూడు ఉంటది" అంటాడు, వేలాడదీసి చూస్తే ఇరవై ఆరు. మొదట్లో మటన్ కొట్టు వాళ్ళు తూకానికి ఒప్పుకోలేదు, కడుపులోని మేత బరువుకు తరుగు తీయాలన్నారు. సరే, పొద్దున మేతకు తోలకముందు ఖాళీ కడుపుతో తూస్తాను, తరుగు ఇవ్వను అన్నాను. ఇద్దరు పోయారు, ఒకాయన ఒప్పుకున్నాడు, ఇప్పటికీ ఆయనే వస్తున్నాడు.

పోయిన నెల మా చిన్నాన్న కొడుకు కూడా ఇదే ప్రశ్నతో వచ్చి రెండు రోజులు ఇంట్లో ఉన్నాడు. వాడి దగ్గర మూడు లక్షలు ఉన్నాయి, అన్నీ ఒకేసారి పెడతానన్నాడు. చివరికి పది తల్లి గొర్రెలు కొన్నాడు, అదే పెద్దాయన దగ్గర, మిగతా డబ్బు బ్యాంకులోనే ఉంది. పొట్టేలు నా మందలోదే ఇచ్చాను, రెండేళ్ళకు తిరిగిచ్చి వేరేది తెచ్చుకోవాలన్న షరతు మీద. మొన్న రాత్రి రెండున్నరకు ఫోన్ చేశాడు.