ఇంజిన్ పని పడ్డ చౌక కారా, ఇంకొంచెం పెట్టి తిరిగే కారా?

నెల్లూరులో 60 వేలకు పాత పెట్రోలు కారు, "చిన్న ఇంజిన్ పనుందన్నా" అన్నారనుకోండి. అదే మోడల్ తిరుగుతున్నది లక్షా 20 వేలు. ఆ "చిన్న పని" ఏంటో తేలాకే ఈ తేడాకు అర్థం.

చౌక కారును పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగానే చూడండి. ఆయిల్ మూత అడుగున పాల టీ రంగు మీగడ, రేడియేటర్ నీళ్లలో నూనె తెట్టు కలిసి కనిపిస్తే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కూ, కింది బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానం. గాస్కెట్ ధర తక్కువే. కానీ వేడెక్కి హెడ్ వంగితే లేత్‌లో ఫేసింగ్ (హెడ్ అడుగును చదును చేయడం) చేయించాలి.

నీలం పొగ వస్తే కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) గేజితో చూపించండి: ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. ఒక సిలిండర్ బాగా తగ్గితే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగాయి, ఇంజిన్ దించాల్సిందే. పెరక్కపోతే వాల్వులో గాస్కెట్టో, హెడ్ విప్పితే సరిపోవచ్చు.

తిరిగే కారునూ నమ్మేయకండి. మధ్యాహ్నం ఎండలో ఏసీ వేసి హైవే మీద అరగంట నడిపి, టెంపరేచర్ ముల్లు పైకెక్కుతుందేమో చూడండి. 15 ఏళ్లు దాటితే ఆర్సీ రెన్యువల్ అయిందా, బ్యాంకు లోను తీరిందా అన్నవి రెండు కార్లకూ చూడాలి.

హెడ్ పని వరకే అయి, సముద్రపు గాలికి కింద రేకు తుప్పు పట్టకపోతే చౌకది తీసుకోవచ్చు. ఇంజిన్ కింది భాగం నుంచి బేరింగుల టకటక వినిపిస్తే మాత్రం లక్షా 20 వేలదే మేలు.