తీగను తడిమే రోబో వేళ్లు: జెల్‌సైట్, బయోటాక్

హెడ్‌ఫోన్ తీగను ఒక కొసన పట్టుకుని, వేళ్ల మధ్య జారవిడుస్తూ రెండో కొసన ఉన్న పిన్ను దాకా వెళ్లడం మనకు చూడకుండానే వచ్చే పని. రోబో చేతిలో మాత్రం తీగ క్షణక్షణం ఆకారం మార్చుకుంటుంది, పైగా పట్టుకున్న చోటును వేళ్లే కప్పేస్తాయి కనుక పైనుంచి చూసే కెమెరా అంతగా అక్కరకు రాదు.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ఆడెల్సన్ బృందం రూపొందించిన జెల్‌సైట్ అనే స్పర్శ సెన్సర్‌లో మెత్తని జెల్ పొర వెనుక చిన్న దీపాలు, కెమెరా ఉంటాయి. తీగ ఒత్తినప్పుడు పొరపై పడే అచ్చును కెమెరా చిత్రించగా, తీగ ఏ వాలులో ఉందో, ఎంతగా లాగుతోందో కంప్యూటర్ లెక్కగడుతుంది. 2020లో అదే సంస్థ పరిశోధకులు ఇలాంటి వేళ్లతో హెడ్‌ఫోన్ తీగను చివరిదాకా తడిమించి, పిన్నును జాక్‌లో పెట్టించారు.

బయోటాక్ దారి వేరు. మనిషి వేలికొసను పోలిన ఈ సెన్సర్‌లో సాగే తొడుగు కింద విద్యుత్తును ప్రసరింపజేసే ద్రవం, 19 ఎలక్ట్రోడ్లు (విద్యుత్తును అందుకునే చిన్న బిందువులు) ఉంటాయి. ఒత్తిడితో పాటు కంపనాన్ని, ఉష్ణ ప్రవాహాన్ని కూడా అది పసిగడుతుంది. గుడ్డ నునుపో గరుకో తేల్చడానికి ఆ కంపనమే ఆధారం. అయితే 19 బిందువుల నుంచి సన్నని తీగ వాలును రాబట్టడం కష్టం; ఆ పనికి నేనైతే, లోపలి కెమెరా వల్ల వేలు కాస్త లావెక్కినా సరే, జెల్‌సైట్‌నే ఎంచుకుంటాను.