డీఎన్ఏతో వంశవృక్షం తీసిస్తానంటున్న ఆ పెద్దమనిషి దగ్గరికి మాత్రం వెళ్లకండి

హనుమకొండ చౌరస్తా దాటాక, మెట్లెక్కి వెళ్లే ఆఫీసు. "మీ వంశ చరిత్ర మీ ఉమ్మిలోనే" అని బ్యానర్ కట్టుకున్నాడు చూడండి, ఆయన గురించే. ఎగ్జిబిషన్‌లో స్టాలు కూడా పెట్టాడు కాబట్టి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరు రాస్తే లాయరు నోటీసు పంపిస్తానన్నాడు. అందుకని రాయడం లేదు. అంత గొప్పవాడు.

మాది కొత్తవాడ. తాత ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. ఆయన అన్న మగ్గాల పనికి భీవండి వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ ఇంటివాళ్ల జాడ తెలుసుకోవాలని మా బాపుకు ఎప్పటి నుంచో కోరిక. "మీ బాపువి, చిన్నబాపువి రెండు శాంపిళ్లు ఇస్తే చాలు సార్, భీవండిలో ఉన్న మీవాళ్ల పేర్లు ఫోను నంబర్లతో సహా చేతిలో పెడతా" అన్నాడు. రెండింటికి కలిపి పద్నాలుగు వేలు, ఆధార్ జిరాక్సులు అదనం. ఉమ్మి పరీక్షకు ఆధార్ ఎందుకో నేను అడగలేదు. అడగకుండా డబ్బు పంపిన ఘనత నాదే.

ఉమ్మి ఇచ్చే ముందు అరగంట పాటు ఏమీ తినకూడదు, తాగకూడదు. ఈయన టీ తెప్పించి, తాగించి మరీ గొట్టాలు చేతికిచ్చాడు. బాపు డెబ్బై దాటిన మనిషి, నోరు ఎండిపోయి గీత వరకు నింపలేకపోతే "సగం చాలు" అన్నాడు. రెండు గొట్టాలూ బల్ల మీద పక్కపక్కనే దొర్లుతున్నాయి. పేర్లు తర్వాత రాసుకుంటాడట.

రిపోర్టు వచ్చింది. అందులో మొదటి వింత, మా బాపులో "కాకతీయ వంశాంశ 18 శాతం". ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యం చేతికి పోయింది 1323లో. పోల్చి చూడటానికి ప్రతాపరుద్రుడి ఎముక ఏదైనా ఈయన బీరువాలో ఉందా? బస్తర్ రాజకుటుంబం తాము కాకతీయుల వారసులమని చెప్పుకుంటుంది, వాళ్ల శాంపిల్ ఏమైనా తీసుకున్నారా అని అడిగితే, "మా డేటాబేస్‌లో అన్నీ ఉంటాయి సార్" అన్నాడు. పది తరాలు వెనక్కి వెళ్తేనే మనిషికి 1,024 మంది పూర్వీకుల స్థానాలు తేలతాయి, వాళ్లలో కొందరి డీఎన్ఏ మనలో రవ్వంత కూడా మిగలదు. ఏడు వందల ఏళ్ల కిందటి ఒక్క వంశానికి 18 శాతం! నవ్వుకుని వదిలేసేవాణ్ని. రెండో పేజీ చూడకపోయి ఉంటే.

రెండో పేజీలో బాపుకూ చిన్నబాపుకూ మధ్య పోలిక 9 శాతం అని ఉంది. కింద ఎర్ర అక్షరాలతో "సోదర సంబంధం నిర్ధారణ కాలేదు".

ఇదేమిటని అడగడానికి వెళ్లాను. బాపు కూడా వస్తానంటే తీసుకెళ్లాను. అక్కడ ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. ఈ మహానుభావుడు రిపోర్టు వైపు కన్నెత్తి కూడా చూడకుండా, "మెషీన్ అబద్ధం చెప్పదు సార్. ఇంట్లో పాత విషయాలు ఏవో ఉంటాయి. మీ నానమ్మ ఉండి ఉంటే ఆమెనే అడిగేవాళ్లం" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. బాపుకు చెవులు సరిగా వినిపించవు. "ఏమంటున్నాడు రా?" అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఈయన ముందుకు వంగి, గొంతు పెంచి, "మీ అమ్మగారి సంగతి అంటున్నా పెద్దాయనా!" అని మళ్లీ చెప్పాడు. కూర్చున్న వాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. బాపు ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుని, రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఇంటికి వచ్చాక చిన్నబాపుకు ఏం చెప్పాలి అని ఒక్కమాట అడిగాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతున్నాయి.

ఆ రాత్రి బయోటెక్నాలజీ చదువుతున్న మా మేనకోడలిని కూర్చోబెట్టుకుని లెక్క చూశాను. సొంత అన్నదమ్ముల మధ్య పోలిక సుమారు 50 శాతం ఉంటుంది, కొంచెం అటూ ఇటూ. తల్లి ఒకరే, తండ్రులు వేరైతే సుమారు 25. అంటే ఈయన వేసిన నింద నిజమైనా 25 దగ్గర రావాలి, 9 రాదు! చనిపోయిన మా నానమ్మ మీద నోరు పారేసుకున్న మనిషికి, తన రిపోర్టులోని అంకె తన మాటనే కొట్టేస్తోందన్న సంగతి కూడా తెలియదు. పైగా నానమ్మ మా తాతకు మేనమామ కూతురు. మేనరికం జరిగిన ఇంట్లో పిల్లల మధ్య పోలిక పెరుగుతుంది గానీ తగ్గదు.

తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా వచ్చే వై క్రోమోజోమ్ ఒక్కటి పోల్చి చూపించమని ఫోను చేశాను. అది వేరే ప్యాకేజీ అట. ఏ ల్యాబులో చేయించావంటే కంపెనీ రహస్యమట. అసలు డేటా ఫైలు ఇవ్వమంటే లాయరు నోటీసు మాట వచ్చింది.

తర్వాత తెలిసిన సంగతి ఇంకా అందంగా ఉంది. కాజీపేటలో నాకు తెలిసిన రైల్వే ఉద్యోగి ఒకరు ఇదే ఆఫీసులో పరీక్ష చేయించుకున్నారు. ఆయన రిపోర్టూ మాదీ పక్కపక్కన పెట్టి చూశాం. కాకతీయ 18, అదే పట్టిక, అవే అంకెలు, "ఓరుగలు" అన్న అచ్చుతప్పుతో సహా.

భీవండి వాళ్ల మాట చెప్పనే లేదు కదూ. ఒక్క పేరూ రాలేదు. రావడానికి వీల్లేదు కూడా. వాళ్లలో ఎవరో ఒకరు అదే డేటాబేస్‌లో పరీక్ష చేయించుకుని ఉంటేనే మన పేరు వాళ్లకు, వాళ్ల పేరు మనకు కనిపిస్తుంది. ఒకవేళ పేర్లు వచ్చినా, తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు చేసుకుంటున్న మనకు ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా దూరపు చుట్టాలుగా కనిపిస్తారు. దానికన్నా మా నేతవాళ్ల కులకథను బొమ్మల పటం చూపిస్తూ చెప్పే కూనపులివాళ్లు పటం పట్టుకుని వచ్చినప్పుడు గోత్రం, ఇంటిపేరు అడిగి ఉంటే నయం, కనీసం కథైనా బాగుండేది.

ఇప్పుడు మా ఇద్దరు పెద్దవాళ్ల ఉమ్మి, ఆధార్ కాపీలు ఎక్కడున్నాయో దేవుడికి తెలియాలి. అమెరికాలో ఇలాంటి ఉమ్మి పరీక్షలే చేసే ట్వంటీత్రీ అండ్ మీ అంతటి కంపెనీ నుంచే 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి, 2025 మార్చిలో అది దివాలా పిటిషన్ వేసింది. ఇక్కడ బల్ల మీద దొర్లే గొట్టాలకు ఎవరు పూచీ?

చేయించుకోవాలనే ఉంటే ల్యాబు పేరు, శాంపిల్ నంబరు, డేటా ఫైలు ఇస్తారా, అడిగితే చెరిపేస్తారా అన్నది డబ్బు కట్టకముందే రాతలో తీసుకోండి. రసీదు దాచుకోండి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. కాజీపేట ఆయనా నేనూ కలిసి ఫిర్యాదు వేస్తున్నాం. మీ రిపోర్టులో కూడా కాకతీయ 18 శాతం, "ఓరుగలు" అని ఉంటే ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపండి, కాగితాలతో పాటు జతచేస్తాను.